డాలు ఎత్తమన్న మనిషి

మనం చూడని వైపు నుంచి వచ్చే దెబ్బను ముందే చూసే దేవునికి స్తోత్రం. మోయలేక మనం దించేసిన దాన్ని తన చేతుల్లోకి తీసుకునేవాడు, మాట రాక నిలబడిపోయినవాడి మనసులో మాట వినేవాడు, ఆయనకే మహిమ కలుగుగాక. ఆయన ఎదుట ఏదీ దాచకుండా రాయాలని కూర్చున్నాను. దాచుకుంటూ రాసేటట్టయితే రాయకపోవడమే మేలు.

మొన్న బాగేపల్లి బస్టాండు దగ్గర గట్టి వాన పడింది. నా అంగడి అరుగు మీద నిలబడి చూస్తున్నాను. జనమంతా గొడుగులు నెత్తిమీద నిటారుగా పట్టుకొని పరుగెడుతుంటే, ఒక పెద్దాయన మాత్రం గొడుగు పిడిని ఎడమ పిడికిలిలో బిగించి, చెయ్యి ముందుకు చాపి, వాన ఏ వాలున వస్తుందో ఆ వాలుకు వంచి, అంచు మీదుగా రెండు కళ్ళు మాత్రం బయటపెట్టి నిమ్మళంగా నడిచిపోతున్నాడు. ఆయనే అనుకున్నాను. ఆ పెద్దాయన దగ్గరికొచ్చాడు, మొహం చూశాను, వేరే ఎవరో. నేననుకున్న మనిషి పోయి మూడు నెలలయింది.

ఆయన పేరు రాయను. బతికుండగా ఎవరూ ఆయనను పేరు పెట్టి పిలవలేదు. అందరికీ ఆయన మేష్ట్రు. ఒకప్పుడు ఊళ్ళలో పురాణ నాటకాలకు కత్తి యుద్ధాలు నేర్పించేవాడు, అందుకని ఆ పిలుపు.

నేను బ్యాగులు కుట్టేవాణ్ణి. బడి పిల్లల బ్యాగులు, మోటారు సైకిళ్ళ సీట్లు, ట్రాక్టరు కవర్లు. ఆదివారం మా చిన్న ప్రార్థన మందిరంలో వాక్యం చెబుతాను. ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మేష్ట్రు గోనెసంచిలో గుండ్రటిది ఏదో మోసుకొని నా అంగడికి వచ్చాడు. బయటికి తీస్తే డాలు. బూరుగు చెక్క పలకలు అతికించి, చుట్టూ గేదె పచ్చితోలు తడిగా ఉన్నప్పుడే లాగి కట్టి ఎండబెట్టాడు. తట్టి చూస్తే తప్పెట మోగినట్టు మోగింది.

"టైలరప్పా, దీనికి లోపల మెత్త కుట్టల్ల. పిడికిలి తగిలే చోట."

"ఏ ఊరి నాటకానికి మేష్ట్రప్పా?"

"నాటకమా? ఆ మాట ఎత్తొద్దు. బెంగళూరు పిల్లోళ్ళు ఆడుకొనేదానికి."

"పిల్లోళ్ళకు ఇంత బరువా?"

"పిల్లోళ్ళంటే గడ్డాలున్నోళ్ళే. సోమవారం నుంచి శుక్రవారం దాకా కంప్యూటర్ కెలసం. ఆదివారమొస్తే రాజులైపోతారు."

ఆ ఆట సంగతి ఆయన చెబితేనే నాకు తెలిసింది. వాళ్ళు ఊహలో ఒక లోకం కట్టుకుంటారు. అందులో ఒకడు సేనాని, ఒకతె మంత్రగత్తె, ఇంకొకడు అడవి జాతి వాడు. తలా ఒక వేషం కట్టుకొని, స్పాంజి చుట్టిన కత్తులతో రెండు జట్లుగా పోరాడతారు. బాగేపల్లి అవతల గుట్ట కింద, శనక్కాయలు తీసేసిన చేను ఒకటి దానికోసం బాడుగకు తీసుకున్నారు. మేష్ట్రు తన పెరట్లో డాలుతో సాము చేస్తుండగా ఎవరో ఫోనులో తీసిన వీడియో వాళ్ళ కంట పడింది. పాత కాలంలో డాలు నిజంగా ఎట్లా వాడేవాళ్ళో నేర్పమని వెతుక్కుంటూ వచ్చారు.

ఆయన ఎడమ చెయ్యి కుడి చెయ్యికన్నా లావు. నడిచినా, బస్సెక్కినా, టీ అంగట్లో నిలబడినా ఎడమ భుజం ముందుండేది. ఎవరైనా గబుక్కున పక్కకు వస్తే ఎడమ మోచెయ్యి దానంతటదే లేచేది. ఒకసారి చింతామణి సంతలో టమాటా బుట్ట ఒకటి పైనుంచి జారితే, పక్కనున్న ముసలమ్మ తలమీద పడకుండా ఆయన చెయ్యి వెళ్ళింది. ఆమె దీవిస్తుంటే ఆయన మొహం మాడ్చుకొని, "చెయ్యి వాలుగా పెట్టుండల్ల. నిటారుగా పెడితిని, అందుకే నొప్పి" అని తనను తానే తిట్టుకున్నాడు.

పట్టీల కొలతలు తీసుకోవడానికి ఒక శనివారం నేనూ ఆ చేనికి వెళ్ళాను. ఆదివారమైతే నాకు ఆరాధన, కుదరదు. ఇరవైమంది దాకా ఉన్నారు. ఒక పొడుగాటి కుర్రవాడు డాలును మొహానికి అడ్డంగా పెట్టుకొని నిలబడ్డాడు.

"డాలు యాల పట్టుకొన్నావప్పా?" అన్నాడు మేష్ట్రు.

"ప్రొటెక్షన్ కోసం మాస్టర్."

"మంచిది. ఇప్పుడు నేను యాడ ఉండానో చెప్పు."

కుర్రవాడు జవాబు వెతుక్కునేలోపు మేష్ట్రు పక్కగా వెళ్ళి, చేతిలోని కంది పుల్లతో వాడి పిక్కమీద తట్టాడు. "చచ్చినావు. పండుకో. డాలు గోడ కాదు, తలుపు. తెరవల్ల, మూయల్ల, పని పడితే ఎదుటోని మూతిమీద వేయల్ల. తలుపు మూసుకొని ఇంట్లో కూర్చునేటోనికి బయట ఏం జరుగుతాందో ఎట్ల తెలుస్తాది?"

అందరూ నవ్వారు. ఇంట్లో తెలుగే మాట్లాడే బెంగళూరు అమ్మాయి ఒకతె ఉంది వాళ్ళలో, ఆ జట్టుకు పెద్ద ఆమే. "మాస్టర్, మా కథలో డ్రాగన్ ఉంది. అది నిప్పు ఊదితే డాలు ఏం చేస్తుంది?" అని అడిగింది.

"తడి తోలు కప్పుకోమ్మా. ఇంకా మంచి ఉపాయం ఉండాది. దానికి ఎదురుగా నిలబడొద్దు."

తరువాత అందరినీ డాలు పట్టుకొని చెయ్యి ముందుకు చాపమన్నాడు. ఫోనులో ఒక పాట పెట్టించి, అది అయ్యేదాకా దించవద్దన్నాడు. పల్లవి అయ్యేసరికి నలుగురు దించారు, మొదటి చరణానికి ఇంకో పదిమంది. "సినిమాల్లో గంటసేపు కొట్టుకుంటారు కదా మాస్టర్" అని ఒకడు మూలిగాడు. "వాళ్ళది అట్ట డాలు. నీ ముందర ఉండే డాలు ఎంత దూరం పోతే నీకు అంత నీడ. ఒంటికి ఆనించుకొంటివా, కత్తి అంచు దాటుకొని వస్తాది" అన్నాడు ఆయన. అరవై దాటిన ఆ చెయ్యి పాట అయిపోయినా వణకలేదు.

ఇంకో నియమం కూడా పెట్టాడు. అంతకుముందు ఆటలో 'చచ్చినవాళ్ళు' లేచి కూర్చొని ఫోన్లు చూసుకునేవాళ్ళట. వెనక్కి వెనక్కి వస్తూ పోరాడేవాళ్ళు వాళ్ళమీద పడి ఒకమ్మాయి మణికట్టు విరిగింది. అప్పటినుంచి ఎవరికి దెబ్బ తగిలినా చోటు కదలకుండా పడుకోవాలి, డాలు మీద కప్పుకోవాలి, ఈల మోగేదాకా మాట్లాడకూడదు. వాళ్ళను ఎవరూ పలకరించకూడదు కూడా. మేష్ట్రు మాట అక్కడ శాసనం.

నా విషయానికి వస్తాను. ఒక ఆదివారం నేను విశ్వాసాన్ని డాలుతో పోల్చి వాక్యం చెప్పాను. డాలు వెనక దాగిన విశ్వాసికి భయం లేదు అని గొంతు పెంచి మరీ చెప్పాను. మేష్ట్రు తన డాలు కోసం వచ్చి మందిరం బయట వేపచెట్టు కింద కూర్చొని ఉన్నాడని నాకు తెలియదు. ఆరాధన అయ్యాక దగ్గరికొచ్చాడు.

"టైలరప్పా, బాగా చెప్తివి. గాని డాలు గురించి నీకు ఒక్క ముక్క తెలీదు."

"తప్పేం చెప్పినాను?"

"వెనక దాక్కో, దాక్కో అని పదిసార్లు అంటివి. దాక్కున్నోడు మొదట చస్తాడు. ఇంకొకటి. వరసలో నిలబడినప్పుడు నీ డాలు సగమే నీది. మిగతా సగం నీ ఎడమపక్కోనికి. వాని కుడి పక్కను కాసేది నీ డాలే. నువ్వు దించితే నీకన్నా ముందు వాడు పోతాడు. ఈ మాట మీ పుస్తకంలో లేదా?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రంతా ఆ మాట నన్ను వదల్లేదు. పాతికేళ్ళుగా చదివిన వాక్యానికి అర్థం ఒక నాటకాల మనిషి చెప్పి వెళ్ళాడు. తరువాత ఎన్నిసార్లు ఆ వాక్యం చెప్పినా ఎడమపక్కవాడి మాట చెప్పకుండా ముగించలేదు. ఆయన మా సంఘంలో చేరలేదు. చేర్చాలని నేను ప్రయత్నించాను, అదీ దాచను. "నా లెక్క యాడనో ఉండాది, అది తేలినంక చూద్దాం" అనేవాడు.

ఆ లెక్క ఏమిటో చాలా కాలం నాకు తెలియలేదు. నేను కుడుతుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చొని, ఉన్నట్టుండి "వానికి ఇనబడిందో లేదో" అనేవాడు. నాతో కాదు. మిషను చప్పుడులో నాకు వినబడదనుకునేవాడు. నెలకొకసారైనా ఆ మాట వచ్చేది. ఒక రోజు మిషను ఆపి అడిగాను, ఎవరికి వినబడిందో లేదో అని.

స్టూలు నా మిషను దగ్గరికి జరుపుకున్నాడు. తరువాత చెప్పాడు.

ఆయనకు ఒక తమ్ముడు. చాకవేలులో ఉంటాడు. పందొమ్మిదేళ్ళ కిందట ఊళ్ళో నాటకం కట్టారు. మా వైపు నాటకాల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కరలేదు, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వేషం కట్టేది ఊరివాళ్ళే. తలా ఇంతని ఇచ్చి, ఆశపడి వేషం కట్టుకుంటారు. అందుకని ఎవరి మొహం జనానికి కనబడకపోయినా ఒప్పుకోరు. కిరీటం, రంగు, మీసం అన్నీ కనబడాలి. అట్లా కనబడాలంటే కత్తి యుద్ధంలో డాలు బొడ్డు దగ్గర పట్టుకోవాలి. డాళ్ళు కూడా రేకుతో చిన్నగా, తళతళలాడేటట్టు చేస్తారు. తప్పని తెలిసీ మేష్ట్రు ఇరవై ఏళ్ళు అందరికీ అదే నేర్పాడు. తమ్ముడికీ అదే నేర్పాడు.

ఆ యేడు కరెంటు నిలబడటం లేదని నాటకం పగలే ఆడారు. తమ్ముడిది సేనాని వేషం. యుద్ధం నడుస్తుండగా ఎదుటి వేషగాడి చెక్క కత్తికి చుట్టిన రేకు ఊడి, అంచు పైకి లేచింది. పక్క తెర వెనక నిలబడ్డ మేష్ట్రు దాన్ని చూశాడు.

"పైకెత్తరా అని అరిచినా. డాలు పైకెత్తు అని మూడుసార్లు అరిచినా టైలరప్పా. హార్మోనియం ఒకపక్క, డోలు ఒకపక్క, మైకు ఒకపక్క. వాడు ఎత్తలేదు."

రేకు కంట్లో దిగింది. ఆ కన్ను తీసేయాలని, లేకుంటే రెండోదానికీ ముప్పని పెద్ద డాక్టర్లు చెబితే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోక రోజులు గడిపారు. ఆ ఆలస్యంలో రెండో కన్ను కూడా మసకబారి, నెలల్లోనే ఆరిపోయింది. ఆసుపత్రి మంచం మీద తమ్ముడు అన్నతో అన్నది ఒకటే మాట. "దించి పట్టుకోమనింది నువ్వే." ఆ తరువాత పలకలేదు.

మేష్ట్రు నాటకాలు మానేశాడు. తన దగ్గరున్న రేకు డాళ్ళన్నీ గొయ్యి తీసి పూడ్చాడు. నిజమైన డాలు ఎట్లా ఉండాలో, ఎట్లా పట్టాలో తనకు తానే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. చెక్కలు చేసి, కొడవళ్ళతో కొట్టి, పగలగొట్టి, మళ్ళీ చేసి. ఎవరికి కావాలని ఇదంతా అని ఊరు నవ్వింది. ఎవరికోసమో నాకిప్పుడు తెలుసు.

"నేను దించమంటిని, అది నా పాపం. మోస్తాండా. గాని ఎత్తమని కూడా అన్నా కదప్పా. అది వానికి ఇనబడిందో లేదో. ఇనబడలేదంటే నేను ఆలస్యం చేసినట్ల. ఇంకొక్క క్షణం ముందు అరిచింటే... అది తేలకుండా నాకు నిద్ర లేదు."

నేను వాక్యం చెప్పేవాణ్ణి కదా, ఊరుకోలేదు. పోయి అడుగు, క్షమాపణ అడిగినవాడిని దేవుడు చెయ్యి విడవడు, నేను తోడు వస్తాను అన్నాను. అడిగేదానికి నోరు రాదన్నాడు. నాలుగు నెలలు వెంటపడ్డాను. నామీద నాకు అంత నమ్మకం.

ఒక పొద్దున ఇద్దరం చాకవేలు వెళ్ళాం. తమ్ముడు అరుగు మీద కూర్చొని చింతపండు కొడుతున్నాడు. చేత్తో తడిమి కాయను రాతిమీద పెట్టడం, కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ, గింజ బయటికి. చూపున్నవాడి దెబ్బకూడా అంత గురిగా పడదు. అడుగుల చప్పుడు విని సుత్తి ఆపాడు.

"ఎవరప్పా?"

నేను పేరు చెప్పాను, పక్కన ఎవరున్నారో చెప్పాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. లోపలి నుంచి ఆయన భార్య తొంగి చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేష్ట్రు నిలబడే అడిగాడు. "ఒరే, ఒక్కమాట చెప్పు చాలు. ఆ పొద్దు నేను అరిచింది నీకు ఇనబడిందా?"

తమ్ముడు చేతిలోని సుత్తి పక్కన పెట్టి, "సంచిలో ఏముండాది?" అన్నాడు. గోనెసంచి కదిలిన చప్పుడు ఆయనకు వినబడింది.

"డాలు."

"ఇంకా వదల్లేదా దాన్ని? పట్టుకో. నిలబడు."

మేష్ట్రు డాలు పట్టుకొని నిలబడ్డాడు. తమ్ముడు గోడకానించిన చేతికర్ర అందుకొని అరుగు దిగాడు. వేళ్ళతో డాలు అంచంతా తడిమాడు. అది అన్న గడ్డం ఎత్తున ఉంది. అంచు మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కాడు, బొడ్డు దాకా.

"ఇంత ఎత్తున కదా నేర్పిస్తివి."

"ఊఁ."

తమ్ముడు రెండడుగులు వెనక్కి వేశాడు. కర్ర లేపాడు. ఏం జరగబోతుందో నాకు అర్థమైంది. నేను అడ్డం పోలేదు. ఎందుకు పోలేదో దేవుని ఎదుట ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను. ఇదేదో తీరవలసిన లెక్క అనిపించింది కాబోలు, ఇది తీరితే నా మాట నెగ్గుతుందనిపించింది కాబోలు.

మేష్ట్రు ఎడమ చెయ్యి నేను చూశాను. కర్ర కదలగానే ఆ చెయ్యి దానంతటది నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. పందొమ్మిదేళ్ళు నేర్పిన చెయ్యి, ఊరుకోదు కదా. ఆయన పళ్ళు బిగించి దాన్ని మళ్ళీ కిందికి దించాడు. కళ్ళు మూసుకోలేదు. కర్ర వచ్చి చెంప ఎముక మీద పడింది.

చెక్క చప్పుడు రాలేదు. తమ్ముడి తల పక్కకు వాలింది, వింటున్నట్టు.

"డాలు ఎత్తలేదా?"

"లేదు."

తమ్ముడి భార్య కేక వేసుకుంటూ బయటికొచ్చి, "ఏం మనుషులప్పా మీరు! ఇద్దరికీ మతి పోయిందా?" అని తిడుతూ పసుపు తెచ్చి గాయం మీద అదిమింది. రక్తం డాలు మీదికి కారింది. తమ్ముడు మళ్ళీ అరుగెక్కి కూర్చొని, సుత్తి కోసం తడుముకుంటూ అన్నాడు.

"నువ్వు చూసి తింటివి. నేను చూడకుండా తింటిని. రెండూ ఒకటి కాదు. పోండి."

తిరుగు బస్సులో నేను దేవుణ్ణి స్తుతించాను. మీ తమ్ముడి కోపం ఈరోజుతో దిగిపోయిందని మేష్ట్రుకు ధైర్యం చెప్పాను. ఆయన తువ్వాలు చెంపకు అదుముకొని కిటికీలోంచి చూస్తూ, "నేను అడిగిందానికి జవాబు రాలేదప్పా" అన్నాడు. అప్పుడైనా నేను నోరు మూసుకొని ఉండవలసింది. మూసుకోలేదు, దిగేదాకా ఆయనకు వాక్యాలు చెప్పాను.

మళ్ళీ తోడు వెళ్దామని రెండుసార్లు అడిగాడు. ఒకసారి చిక్కబళ్ళాపురంలో మా ప్రార్థన కూటాలున్నాయి. ఇంకోసారి బడులు తెరిచే కాలం, బ్యాగుల పని ముంచుకొచ్చింది. వచ్చే నెల పోదాం అన్నాను. సరేనన్నాడు.

వచ్చే నెల ఆయనకు రాలేదు. ఆ నెలలోనే ఒక ఆదివారం ఆటలో జరిగింది నాకు జట్టు పెద్ద అయిన ఆ అమ్మాయి చెప్పింది. మరునాడు అంగడికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది.

రెండు జట్లు ఎదురెదురుగా వరస కట్టాయి. మేష్ట్రు కుడి చివర నిలబడ్డాడు. అక్కడ పక్కవాడి డాలు తోడు ఉండదని, ఆ చోటు ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదట. పోరు మొదలైన కొంతసేపటికి ఆయన ఒక మోకాలు నేలకు ఆనించాడు. తరువాత పడుకున్నాడు. డాలు మీదికి లాక్కున్నాడు.

"మాస్టర్‌కు దెబ్బ తగిలింది అని మావాళ్ళు ఒకటే కేకలు అంకుల్. ఆయనను ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు కదా. నేనంటే నేను కొట్టాను అని ఇద్దరు పోట్లాడుకున్నారు. మేం ఆయన చుట్టూ తిరిగి, ఆయన పక్కనుంచే పరిగెత్తాం. పలకరించకూడదు కదా, రూలు. ఈల వేసేసరికి ఇరవై నిమిషాలయింది. అందరూ లేచారు."

ఆయన లేవలేదు. గుండె ఆగిందన్నారు బాగేపల్లి ఆసుపత్రిలో. ఎంతసేపటి కిందట ఆగిందో చెప్పలేమన్నారు. వెంటనే చూసుంటే బతికేవాడా అని ఆ అమ్మాయి డాక్టరును అడిగిందట. డాక్టరు ఆమె భుజం తట్టాడట. చెబుతూ చెబుతూ ఆమె నా మిషను మీద తల వాల్చి ఏడ్చింది. అది నీ తప్పు కాదమ్మా అన్నాను. అంతకన్నా ఎక్కువ చెప్పడానికి ఆ రోజు నాలో వాక్యం లేదు.

మట్టి చేసిన రోజు తమ్ముడు రాలేదు. పదకొండు రోజులు దాటాక నేనొక్కణ్ణే చాకవేలు వెళ్ళాను. ఈసారి చెప్పడానికి కాదు. ఏమంటే అది పడదామని వెళ్ళాను. ఆయన అదే అరుగు మీద ఉన్నాడు, చేతిలో పని లేదు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

"టైలరప్పనా? కూర్చో." తరువాత, "ఎండలో ఎంతసేపు పడుండె?" అని అడిగాడు.

"ఇరవై నిమిషాలంట."

"దప్పికతో పోయింటాడు."

ఆయన భార్య ఇద్దరికీ మజ్జిగ తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళింది. ఆయన ముట్టలేదు. నేనే ఉండబట్టలేక, "మీ అన్న అడిగింది ఒకటే మాట కదప్పా" అన్నాను.

"ఇనబడింది."

నాకు సరిగా అర్థం కాలేదనుకున్నాడేమో, మొహం నావైపు తిప్పి మళ్ళీ చెప్పాడు.

"మొదటి కేకే ఇనబడింది. వాని గొంతు నాకు తెలీదా? మూడు కేకలూ ఇనబడినాయి. ముందర ఫొటో తీసేటోడు నిలబడి ఉండె. అంత ఖర్చుపెట్టి వేషం కట్టింటిని. ఇంకొక్క ఫొటో తీసుకోనీ, ఆమీట ఎత్తుదామనుకొంటిని."

"మరి ఇన్నేళ్ళు యాల చెప్పలేదు?"

"చెప్తే?" అన్నాడు. "చెప్తే ఇంకెవరిమీద కోపం పెట్టుకోని బతకల్ల నేను?"

ఆ రోజు కర్ర దెబ్బ పడ్డాక చెబుదామనుకున్నాడట. నోటిదాకా వచ్చిందట. నేను పక్కన ఉన్నానని, పరాయి మనిషి ముందు ఎట్లా చెప్పేదని ఆగిపోయాడట. మళ్ళీ వస్తాడులే, ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామని ఎదురు చూశాడట. "రోజూ చూస్తిని. అడుగుల చప్పుడైతే వాడేనేమో అని" అన్నాడు. మేష్ట్రు కూడా వెళ్దామనే అడిగాడు కదా, రెండుసార్లు. నాకు తీరిక లేకపోయింది.

ఇది చదువుతున్న ప్రియులారా, ఇందులో నా పాపం ఎక్కడుందో మీకు తెలిసే ఉంటుంది. దాన్ని నేను దేవుని ఎదుట పెట్టాను, పెడుతూనే ఉన్నాను. మిమ్మల్ని అడిగేది అది కాదు. పోయినవాళ్ళ కోసం ప్రార్థించడం మా సంఘంలో లేదు. మేష్ట్రు సంగతి ఆయనను చేసినవాడికి తెలుసు, నేను జోక్యం చేసుకోను. అడిగేది ఆ తమ్ముడి కోసం. ఆయనకు ఇప్పుడు కోపం కూడా తోడు లేదు. చెప్పవలసిన మాట చేతిలో పట్టుకొని, వినవలసినవాడు లేక ఆ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఈ కాగితం పక్కన పెట్టకముందే ఒక్క నిమిషం నాతో కలిసి తలవంచండి. బిగ్గరగా అక్కరలేదు, మీకు వచ్చిన మాటల్లోనే అనండి. తండ్రీ, చాకవేలులో ఒక మనిషి నిజం చెప్పాడు, ఆలస్యంగా చెప్పాడు. అన్న దాకా చేరని ఆ మాటను నువ్వు విను. ఆయన దగ్గరికి ఎవరినైనా పంపు. తీరిక లేదనేవాళ్ళను పంపకు. ఆమెన్.